సమ్మెటమ్మ కొట్టనన్న కత్తులు

బస్సుల షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఉన్న కొలిమిలో పొద్దున్నే రెండు చప్పుళ్లు మొదలయ్యేవి. ఒకటి చిన్నది, టిక్కుమని. దాని వెనకాలే పెద్దది, ఢామ్మని. చిన్నది కమ్మరి చేతిలోని సుత్తిది. పెద్దది అతని పెళ్లాం చేతిలోని సమ్మెటది. ఆ వీధిలో పసిపిల్లలు ఆ మోతకే నిద్రపోయేవారు, పెద్దవాళ్లు ఆ మోతకే లేచేవారు. ఒక్క పూట ఆగిందంటే చాలు, "ఏమిటమ్మా, కొలిమింట్లో ఎవరికి బాగాలేదు?" అంటూ నాలుగు గడపల ఆడవాళ్లు వచ్చి తొంగిచూసేవారు. పలకరింపుకు కొంత, లోపల ఏం జరుగుతోందో చూద్దామని కొంత.

ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే అది వీధి నోట్లో కరిగిపోయి సమ్మెటమ్మ మిగిలింది. మనిషి పొట్టిది, సన్నపాటిది. భుజాలు మాత్రం మగవాళ్లు కూడా ఓరకంట చూసుకుని చొక్కా సర్దుకునేంత గట్టివి. పంకా తిప్పుతూ కొలిమికి గాలి కొట్టే పని ముసలి అత్తది. అత్త చెయ్యి తిరిగినంతసేపూ నోరు కూడా తిరిగేది. నిప్పు మండేది, కోడలూ మండేది.

సమ్మెట పనికి ఒక పద్ధతి ఉంది. ఎర్రగా కాలిన ఇనుమును కమ్మరి ఎడమచేత్తో పట్టకారుతో పట్టి దాగలి అనే ఇనుప దిమ్మె మీద పెడతాడు. కుడిచేతి సుత్తితో ఒకచోట తడతాడు. సుత్తి తట్టిన చోటే సమ్మెట పడాలి. వెంట్రుకవాసి పక్కకు పడినా పట్టకారు పట్టినవాడి వేళ్లు నుజ్జవుతాయి. అందుకని సమ్మెట ఎత్తినవాళ్లు ఇనుమును చూడకూడదు, సుత్తినే చూడాలి. పెళ్లయిన కొత్తలో మొగుడు నేర్పిన మొదటి పాఠం అదే. ఆవిడ ఎంత బాగా నేర్చుకుందంటే, ఏళ్ల తరబడి తాను ఏం కొడుతున్నదో తనకే తెలియదు. "ఇవాళ ఏం కొట్టావమ్మా?" అని ఎవరన్నా అడిగితే "ఇనుము" అనేది. అందరూ పకపకా నవ్వేవారు.

కొలిమికి ఎదురుగా సరుకుల యార్డు. వచ్చిన లారీల మూటలు ఎవరి ముఠా దింపాలన్న దాని మీద అక్కడ ఎప్పుడూ తన్నులాటే. ఒక ముఠాకు నాయకుణ్ని అందరూ యార్డు పెద్ద అనేవారు. ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కా. మాట వెన్నపూస. అతను గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు, పెంచవలసిన పని చుట్టూ ఉన్నవాళ్లే చేసేవారు.

అవతలి ముఠాలో మూటలు మోసే కుర్రవాడొకడు ఒక మధ్యాహ్నం కొలిమి బయట కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్నాడు. వీధిలో పాలు పోసే పాలమ్మకు ఒక్కగానొక్క కొడుకు. వెనకనుంచి ఇద్దరు వచ్చారు. మొదటి వేటు మెడకూ భుజానికీ మధ్య పడింది. వాడు దోసిట్లో నీళ్లు అలాగే పట్టుకుని, ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నట్టు వెనక్కి తిరిగాడు. రెండోది ముఖం మీద. అప్పుడు అరిచాడు. పరుగెత్తుకుంటూ కొలిమిలోకి వచ్చి సమ్మెటమ్మ కాళ్ల దగ్గర పడ్డాడు. వాళ్లిద్దరూ లోపలికి వచ్చి, కింద పడినవాణ్ని కట్టెలు చీల్చినట్టు నరికారు. నెత్తురు దాగలి మీదికి చింది, ఆ వేడికి చుయ్యిమంది. చివరి వేటు గురి తప్పి దాగలి కింద ఉన్న చెక్క దిమ్మెలో దిగబడింది. లాగితే రాలేదు. కత్తి అక్కడే వదిలేసి పారిపోయారు.

సమ్మెటమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాడు ఏదో అడగబోయి, అడగకుండానే పోయాడు. చాలాసేపటికి ఆవిడ చూపు దిమ్మెలో దిగిన కత్తి మీద పడింది. పిడి దగ్గర నెలవంక గుర్తు. తమ కొలిమిలో తయారైన ప్రతి పనిముట్టు మీదా తన మొగుడు వేసే గుర్తు.

"ఇది మనదేనా?"

కమ్మరి ముఖం తిప్పుకున్నాడు. "బస్తాల తాళ్లు కొయ్యడానికన్నారు."

"తాళ్లకి ఇంత బరువెందుకయ్యా?"

అతను గోనెపట్టా తెచ్చి కత్తి మీద కప్పాడు. అంటే అతనికి ముందే తెలుసు. తెలియనిది సుత్తిని చూసి కొట్టినదానికే.

పోలీసులు వచ్చి నరికినవాళ్లిద్దరినీ పట్టుకెళ్లారు. నరకమన్నవాడు మర్నాడు అదే తెల్లచొక్కాతో యార్డులో కూర్చుని టీ తాగాడు.

పాలమ్మ ఎప్పటినుంచో ప్రభువును నమ్ముకున్న మనిషి. సైకిల్ షాపు మీద ఉన్న ప్రార్థన గదిని పొద్దున్నే తుడిచి, చాపలు పరిచేది ఆవిడే. కొడుకును పాతిపెట్టి వచ్చిన వారానికి సమ్మెటమ్మ ఆ ఇంటి గుమ్మంలో నిలబడింది. వద్దని మొగుడు అన్నాడు, "పోయి నిప్పు నెత్తిన పోసుకుంటావా?" అని అత్త అంది. అయినా వెళ్లింది.

"అక్కా, ఆ కత్తికి సమ్మెట కొట్టింది నేనే."

పాలమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. జుట్టు పట్టుకుని గోడకేసి బాదింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. చుట్టపు ఆడవాళ్లు పట్టుకుని లాగుతుంటే విదిలించుకుని మరీ కొట్టింది. సమ్మెటమ్మ తలచుకుంటే పాలమ్మను ఒంటిచేత్తో ఎత్తి అవతల పెట్టగలదు. ఆ చేతులు రెండూ పక్కనే వేలాడుతూ ఉండిపోయాయి. చివరికి పాలమ్మకే ఓపిక అయిపోయి గోడవారగా కూలబడింది. "పో. నా కళ్లముందునుంచి పో" అంది.

తరవాతి ఆదివారం సమ్మెటమ్మ ప్రార్థన గది మెట్లెక్కి, గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చుంది. ఎందుకు వెళ్లిందో ఆవిడకే సరిగా తెలియదు. ఆ ఇనుము సంగతి తెలిసిన ఇంకో మనిషి ప్రపంచంలో అక్కడే ఉందనిపించింది, అంతే. పాలమ్మ చూసింది, పలకరించలేదు. ఆ పై ఆదివారమూ అంతే. అలా చాలా ఆదివారాలు గడిచాక, ఒకరోజు పాలమ్మ తన చాప మీద కాస్త జరిగి, ఖాళీని అరచేత్తో తట్టింది.

"ఇక్కడికొచ్చి కూర్చో. అక్కడ గాలి రాదు."

క్షమించానని ఆ మనిషి నోటితో ఎప్పుడూ అనలేదు. ఆ చాప మీద చోటే అన్నీను.

బాప్తిస్మానికి ముందు, ఆ గదిలో ప్రార్థన నడిపే అయ్యగారు సమ్మెటమ్మతో మొహమాటం లేకుండా చెప్పాడు. "సుఖపడదామని వచ్చావా, ఇప్పుడే దిగి వెళ్లిపో అమ్మా. ఆయన పిలిచేది బరువు మొయ్యడానికి." దానికి ఆవిడ, "బరువు నాకు అలవాటేనండి, ఎటు కొట్టాలో చెప్తే చాలు" అంది. అయ్యగారికి నవ్వు ఆగలేదు. ఆవిడ మాత్రం నవ్వులాటకు అనలేదు.

ఆ రోజునుంచి ఆవిడ ఇనుమును చూడటం మొదలుపెట్టింది. పట్టకారు దాగలి మీదికి రాగానే, "ఏమిటిది?" అని అడిగేది.

"గడ్డపార."

ఢామ్మని దెబ్బ.

"ఇదేమిటి?"

"గొడ్డలి. కట్టెల అడితివాళ్లది. ప్రతిదానికీ నీకు జాతకం చెప్పాలా ఏమిటే?"

"చెప్పాలి."

"పోలీసు ఉద్యోగం ఇచ్చారా నీకు ఆ మేడమీద?"

"దానికి దేవుడి పిచ్చి పట్టిందిరా" అని అత్త పంకా తిప్పుతూ అందుకునేది. "మా కాలంలో దేవుణ్ని మొక్కుకునేవాళ్లం గానీ, గడ్డపార పుట్టుపూర్వోత్తరాలు అడగలేదమ్మా!"

ఇలా తిట్టుకుంటూ, తినుకుంటూ రోజులు వెళ్లిపోతుంటే యార్డులో మూటలు దింపే హక్కుకు వేలంపాట దగ్గరపడింది. పాట ఎవరికి దక్కితే లారీలన్నీ వాళ్లవి. ఒకరోజు యార్డు పెద్ద స్వయంగా కొలిమికి వచ్చాడు. అతని వెనకాల గేటు అనే మనిషి వచ్చాడు. గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదని వాడికి ఆ పేరు. పాత లారీల స్ప్రింగు పట్టీల కట్ట ఒకటి వాడు దాగలి పక్కన ధబాలున పడేశాడు.

"కొమ్మలు కొట్టే కత్తులు కావాలి తమ్ముడూ" అన్నాడు పెద్ద. "బారుగా ఉండాలి. ముందుభాగం బరువుండాలి. వేలంపాట లోపల ఇచ్చెయ్."

కమ్మరి తల ఊపబోయాడు. సమ్మెటమ్మ ముందుకొచ్చింది. "యార్డులో ఒక్క చెట్టన్నా లేదు కదన్నా, ఇన్ని కొమ్మలెక్కడివి?"

గేటు నవ్వాడు. పెద్ద నవ్వలేదు. ఆవిడను కిందనుంచి పైదాకా నిదానంగా చూశాడు.

"చెల్లెమ్మకి నోరు బాగానే ఉంది."

"నేను కొట్టనన్నా. గునపం ఇవ్వండి, పలుగు ఇవ్వండి, రాత్రీ పగలూ కొడతాను. ఇవి కొట్టను."

"నీ పెళ్లాంతో మాట్లాడుకో" అని పెద్ద కమ్మరి భుజం మెత్తగా తట్టి వెళ్లిపోయాడు. ఆ తట్టిన చోట కమ్మరికి రెండు రోజులు వణుకు తగ్గలేదు.

వాళ్లు వీధి మలుపు తిరగడం ఆలస్యం, కమ్మరి తలుపేసి పెళ్లాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. మనిషి తాగుబోతు కాడు, దుర్మార్గుడని పేరున్నవాడూ కాడు. భయస్తుడు. భయపడ్డ మగవాడి దెబ్బ తాగినవాడి దెబ్బకంటే గట్టిగా పడుతుంది. "నన్ను చంపిస్తావా? కొలిమి తగలబెట్టిస్తావా?" అంటూ వీపు మీద పిడిగుద్దులు గుద్దాడు. కింద పడితే కాలితో తన్నాడు. ఆవిడ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, అడిగిన ప్రతిసారీ ఒకటే మాట చెప్పింది. "కొట్టను."

మర్నాడు ఒక కన్ను తెరుచుకోలేదు. అయినా తెల్లారేసరికి సమ్మెట పట్టుకుని దాగలి ముందు నిలబడింది. "గడ్డపార ఉందా, తియ్యి. ఏ పనైనా తియ్యి" అంది. కమ్మరి పంతానికి లారీ పట్టీనే కాల్చి దాగలి మీద పెట్టాడు. సుత్తితో తట్టాడు, టిక్. ఆవిడ సమ్మెట నేలకు ఆనించి నిలబడింది. మళ్లీ తట్టాడు, టిక్. ఏమీ లేదు. పక్కింటి గోడ మీదినుంచి తలలు లేచాయి. టిక్, టిక్, టిక్. ఢామ్మనే చప్పుడు కోసం వీధి వీధంతా చెవులు రిక్కించుకుని ఊపిరి బిగబట్టింది. ఇనుము ఎరుపు తగ్గి, ఊదారంగుకు తిరిగి, నల్లబడిపోయింది. కమ్మరి పట్టకారు తిరగేసి దాని కాడతో ఆవిడ మోకాలి చిప్ప మీద కొట్టాడు. ఆవిడ కుంటుకుంటూ లేచి మళ్లీ అక్కడే నిలబడింది.

"వాడి మాట వింటే నీ సొమ్మేం పోతుందే?" అంది అత్త. గొంతులో మునుపటి ఉషారు లేదు.

"మొన్న ఇక్కడ పడ్డ పిల్లాడు నీకు గుర్తు లేడా అత్తా?"

అత్త పంకా గబగబా తిప్పింది.

ఆ వాపులు చూసి పాలమ్మ అడిగింది. సమ్మెటమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది, "సిలువ మోస్తున్నానక్కా, మా ఆయన దెబ్బలు ప్రభువు కోసం ఓర్చుకుంటున్నాను" అని.

పాలమ్మ చేతిలోని పాలచెంబు కింద పెట్టింది. "మతి ఉండి మాట్లాడు. వాడి గుద్దులు సిలువ కాదు, వాడి పాపం. దాన్ని పూజలో పెట్టుకోకు. ఆ కత్తి కొట్టకపోవడమే నీ పని. ఆ పని కోసం ఏం వచ్చినా నిలబడు. వాడు కొట్టబోతే మాత్రం తలుపు తీసుకుని మా ఇంటికి రా."

సాయంత్రం పాలమ్మ కొలిమి గుమ్మంలో నిలబడి కమ్మరికీ చెప్పింది. "ఒరేయ్, నా కొడుకుని నరికిన ఇనుము నీ చేతిది. నేను నీ మీద చెయ్యెత్తలేదు. ఎత్తాలని రోజూ అనిపిస్తుంది. ఇంకోసారి ఈ పిల్ల ఒంటి మీద మచ్చ కనపడిందా, ఆ రోజు ప్రార్థన చేసుకోకుండానే వస్తాను."

కమ్మరి ఆ తరవాత పెళ్లాం మీద చెయ్యి వెయ్యలేదు. ఇంకో దారి వెతికాడు. రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టే బడాయిని కూలికి పిలుచుకొచ్చాడు. నేనెంతవాణ్ని, ఎన్ని కొండలు పిండి చేశాను అని పొద్దస్తమానం చెప్పుకునేవాడు గనక అందరూ వాణ్ని అలా పిలిచేవారు. "ఆడదాన్ని పెట్టుకుని ఇన్నాళ్లూ కొలిమి నడిపావా అన్నా!" అంటూ వాడు సమ్మెట గిర్రున తిప్పి చూపించాడు.

రాయి వేరు, ఇనుము వేరు. రాయిని ఎక్కడ కొట్టినా పగులుతుంది. సమ్మెటమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది. వాడు సుత్తిని కాకుండా, నిప్పులు రాలే ఇనుమును గుడ్లప్పగించి చూస్తున్నాడు. "సుత్తిని చూడవయ్యా!" అని ఆవిడ అరిచేలోపే సమ్మెట జారింది. కమ్మరి ఎడమచెయ్యి దాని కింద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. చిటికెనవేలూ దాని పక్కవేలూ దాగలికి అంటుకుని పచ్చడయిపోయాయి. కమ్మరి అరవలేదు. చేతిని కళ్లముందు పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసి, వెనక్కి విరుచుకుపడ్డాడు. బడాయి సమ్మెట పారేసి, గోడ దూకి పోయాడు.

సమ్మెటమ్మ మొగుణ్ని భుజాన వేసుకుని ఆసుపత్రిదాకా పరుగెత్తింది. కుంటికాలితోనే. దారంతా అతని నెత్తురు ఆవిడ వీపున కారుతూనే ఉంది. "నీ వల్లే, అంతా నీ వల్లే" అని అతను చెవిలో గొణుగుతూనే ఉన్నాడు. "సరేలే, గట్టిగా పట్టుకో" అంటూ ఆవిడ పరుగెత్తింది. రెండు వేళ్లు తీసేశారు.

గాయం ఆరకముందే ఒక మిట్టమధ్యాహ్నం పెద్ద మళ్లీ వచ్చాడు. వెంట వచ్చిన గేటు, రేకు తలుపును సగానికి దించాడు. లోపల కొలిమి మండుతోంది, అత్త పంకా దగ్గర ఉంది, కమ్మరి మూలన మంచం మీద చేతిని గుండెకు ఆనించుకుని ఉన్నాడు.

"తమ్ముడు పట్టకారు పట్టలేడు" అన్నాడు పెద్ద. "ఏ ఇనుము ఎక్కడ తట్టాలో నీకు తెలుసు చెల్లెమ్మా. నువ్వు పట్టు. సమ్మెట మావాడు కొడతాడు. నువ్వు కొట్టనన్నావు, కొట్టొద్దు. నీ మాటా నిలబడుతుంది, నా పనీ అవుతుంది."

ఎంత తియ్యగా అన్నాడంటే, ఒక్క క్షణం ఆవిడకూ అది సబబుగానే తోచింది. దించేసుకోవచ్చు బరువు. గదిలో నేర్చుకున్న ప్రార్థనలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఒళ్లో తల పెట్టి ఏదో అడగబోయిన కుర్రవాడి నోరు మాత్రం కళ్లముందు మెదిలింది.

"పట్టను అన్నా. కొట్టను, పట్టను."

పెద్ద గేటు వైపు చూశాడు. గేటు ఆవిడ చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు ఆవిడ బొగ్గుల మీద పడింది. జుట్టు పట్టి లేపి, ముఖాన్ని కొలిమి మీదికి వంచాడు. కనుబొమలు చిటపటమని కాలాయి. కాలిన వెంట్రుకల కంపు గదంతా నిండింది.

"ఒప్పుకోవే! చంపేస్తారే! నీ కాళ్లు పట్టుకుంటానే!" అని కమ్మరి మంచం మీదినుంచి ఏడ్చాడు.

"పట్టను."

గేటు ఆవిణ్ని లాగి, దాగలి మీద బోర్లా పడేసి, కాలితో నడుము తొక్కిపట్టాడు. "ఏ చెయ్యితో సమ్మెట ఎత్తుతావు? కుడిదేనా?" అని పెద్ద అడిగాడు. కుశలం అడిగినట్టు. గేటు సమ్మెట తిరగేసి కర్రతో ఆవిడ కుడిభుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు బయట కుళాయి దగ్గరివాళ్లకు కూడా వినిపించింది. ఆవిడ పెట్టిన కేక మనిషిదిలా లేదు.

"ఇప్పుడు?"

ఆవిడ నోట్లో నెత్తురు, బూడిద. తల అడ్డంగా తిప్పింది.

"రెండోది" అన్నాడు పెద్ద.

గేటు కర్ర ఎత్తాడు. అప్పుడు పంకా ఆగింది. ముసలి అత్త లేచి, ఇనుము చల్లార్చే నీళ్ల తొట్టిలో బకెట్టు ముంచి, నిండా ఉన్న నీళ్లు గుప్పున కొలిమిలో పోసింది. భగ్గుమని ఆవిరీ బూడిదా లేచి గేటు ముఖాన్ని ముంచేశాయి. వాడు కర్ర వదిలేసి, కళ్లు పట్టుకుని ఎద్దులా అరుస్తూ గిరగిరా తిరిగాడు. ముసలమ్మ ఇంకో బకెట్టు పోసింది. తన మామ వెలిగించిన నిప్పు, రాత్రి బూడిద కప్పి తెల్లారి లేపుతూ ఆ ఇంట్లో ఎన్నడూ ఆర్పని నిప్పు, చుయ్యిమని చచ్చిపోయింది.

"తీసుకోండిరా మీ కత్తులు! నిప్పే లేకపోతే ఎవడు చేస్తాడో చూస్తాను!" అని బకెట్టు ఊపుతూ మీది మీదికి వచ్చింది. "నా కోడల్ని తిట్టాలంటే నేనున్నాను! కొట్టడానికి దిక్కుమాలిన నా కొడుకున్నాడు! మధ్యలో మీరెవర్రా?"

ఆవిరి బయటికి రావడం చూసి వీధి వీధంతా రేకు తలుపు ఎత్తుకుని లోపలికి వచ్చింది. అంతసేపూ బయట నిలబడి విన్నవాళ్లే. ముందు పాలమ్మ వచ్చింది. అంతమంది కళ్లముందు పెద్ద తెల్లచొక్కా మీద పడిన తడి బూడిద దులుపుకున్నాడు. మరక పోలేదు. గుడ్డివాడిలా తడుముకుంటున్న గేటును చెయ్యి పట్టి నడిపించుకుని వెళ్లిపోయాడు.

పోలీసులకు ఈసారి సాక్షులు దొరికారు. గేటును తీసుకెళ్లారు. పెద్ద ఎప్పటిలాగే మిగిలిపోయాడు.

సమ్మెటమ్మ ఆసుపత్రిలో ఉండగానే వేలంపాట జరిగింది. కత్తులు ఇంకెక్కడినుంచో వచ్చాయి. డబ్బు పారేస్తే ఇనుము కొట్టేవాళ్లు లేకపోలేదు. ఆ పొద్దు యార్డులో ముగ్గుర్ని నరికి పడేశారు. వాళ్లలో ఒకడికి పెళ్లయి నెలే అయింది. ఆ కబురు విని సమ్మెటమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. విరిగిన భుజానికి రాని ఏడుపు ఈ కబురుకు వచ్చింది.

"ఏం ఆపానక్కా నేను? భుజం పోయింది, నిప్పు పోయింది. చావాల్సినవాళ్లు చచ్చారు. దేవుడు ఇందుకా పిలిచింది?"

పాలమ్మ గ్లాసులో పాలు పోసి, చల్లారేదాకా తిప్పుతూ కూర్చుంది.

"నాకు తెలీదు తల్లీ" అంది చివరికి. "అయ్యగారు ఏదన్నా చెప్తాడేమో, నాకు రాదు. ఒక్కటి తెలుసు. నిన్న ఆ పిల్లల తల్లుల దగ్గర కూర్చుని వచ్చాను. నువ్వు కూడా రేపు లేచాక నాతో రాగలవు, వాళ్ల ముఖాలు చూడగలవు. ఆ కత్తులు నువ్వు కొట్టుంటే ఎక్కడికెళ్లేదానివి?"

సమ్మెటమ్మ పాలు తాగింది. భుజం అతుక్కుంది గానీ, చెయ్యి గుండె ఎత్తుకు మించి లేవలేదు. కాస్త తిరగగలిగిన రోజున ఆ తల్లుల ఇళ్లకు పాలమ్మ వెంట వెళ్లింది. ఒక ఇంట్లో కూర్చోమన్నారు. ఒక ఇంట్లో తలుపు వేసేశారు. మూసిన తలుపు ముందు ఇద్దరూ కాసేపు నిలబడి వచ్చారు.

కొలిమి చాలా రోజులు చల్లగానే ఉంది. కమ్మరి దాని ముందు కూర్చుని చేతిని చూసుకునేవాడు. పెళ్లాంతో మాట కలపాలంటే మాట దొరికేది కాదు. ఒకనాడు కట్టెల అడితి మనిషి విరిగిన గునపం తెచ్చి, "చేస్తారా, ఇంకొకళ్లకి ఇచ్చుకోనా?" అన్నాడు. అత్త ఎవర్నీ అడక్కుండా పక్కింటి పొయ్యిలోంచి నిప్పు పట్టుకొచ్చింది. "ఊరికే కూర్చుంటే నాకు చేతులు పట్టుకుపోతున్నాయి" అంది. ప్రార్థన గదికి రమ్మని పాలమ్మ ఎన్నిసార్లు పిలిచినా, "ఆ మెట్లు నా మోకాళ్లు ఎక్కలేవమ్మా, ఆయన్నే కిందికి దిగమను" అనేది. పాలమ్మ నవ్వి ఊరుకునేది.

నిప్పు అంటుకుంది. కమ్మరి అలవాటుగా పట్టకారు అందుకున్నాడు. మూడు వేళ్లకు పట్టు చిక్కలేదు, జారిపోయింది. సమ్మెటమ్మ అలవాటుగా సమ్మెట అందుకుంది. భుజం లేవలేదు. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. చాలా రోజులకు సూటిగా చూసుకోవడం అదే. ఆవిడ వంగి, ఎడమచేత్తో పట్టకారు తీసింది. కుడిచేతిలోకి చిన్న సుత్తి తీసుకుంది. అంతమాత్రానికి ఆ చెయ్యి సరిపోయింది. సమ్మెట అతని వైపు తోసింది.

గునపం ఎర్రగా కాలింది. ఆవిడ దాగలి మీద పెట్టి తట్టింది, టిక్. అతను చెమటలు కక్కుతూ సమ్మెట ఎత్తాడు. ఆవిడ వేళ్లు దాని కిందే ఉన్నాయి. సుత్తిని కాక ఆ వేళ్లనే చూస్తూ కొట్టాడు, దెబ్బ అంచున పడింది. గునపం ఎగిరి ఆవిడ పాదం పక్కనే పడింది.

"చూసి కొట్టవయ్యా!" అని ఆవిడ కసిరింది. "నన్ను కొట్టేటప్పుడు ఎప్పుడన్నా గురి తప్పావా?"

అత్త పంకా తిప్పడం మానేసింది. కమ్మరి సమ్మెట నేలకు ఆనించి, దాని కర్ర మీద తల పెట్టి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఆవిడ అతణ్ని ఓదార్చలేదు. కింద పడిన గునపాన్ని పట్టకారుతో తీసి మళ్లీ నిప్పులో పెట్టింది. అత్తను గాలి కొట్టమంది.

"వాళ్లు మళ్లీ వస్తారే" అన్నాడు అతను కాసేపటికి, తలెత్తకుండానే. "పెద్ద వదలడు. మళ్లీ ఇనుము తెచ్చి పడేస్తాడు."

"తెస్తాడు."

"అప్పుడు?"

"అప్పుడూ చెయ్యను. నువ్వూ చెయ్యకు." ఇనుము మళ్లీ ఎర్రబడింది. ఆవిడ దాన్ని దాగలి మీదికి తీసింది. "ఇది చల్లారిపోతోంది. ఎత్తు."